నొప్పికి పైసలు అడగడం తప్పా?

ప్రశ్న: మేడమ్, మాది అంబర్‌పేట్. ఆరో నంబర్ దగ్గర నేను, మా ఆయన కర్రీ పాయింట్ నడుపుతం. నాకు 38 ఏళ్ళు. ఏప్రిల్ రెండో వారంలో మా ఆయన, నేను, తొమ్మిదేళ్ళ బాబు ముగ్గురం స్కూటీ మీద ఉప్పల్ నుంచి వస్తుంటే రాంగ్ సైడ్‌లో కారు వచ్చి గుద్దింది. వాళ్ళిద్దరికి చిన్న దెబ్బలే, నాకు కుడి తొడ ఎముక విరిగి రాడ్ వేసిన్రు, ఎడమ మణికట్టులో ప్లేటు. 11 రోజులు హాస్పిటల్‌లో ఉన్న. బిల్లు 4 లక్షల 60 వేలు, అప్పు తెచ్చి కట్టినం. కంప్లైంట్ మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చినం కానీ ఎఫ్ఐఆర్ అయింది. ఇప్పుడు కారాయన మనుషులు వచ్చి లక్షన్నర తీసుకొని సంతకం పెట్టు, ముగ్గురు ఎక్కిన్రు కాబట్టి కేసు నిలబడదు, మా డ్రైవర్‌కి లైసెన్స్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ కూడా రాదు అంటున్నరు. డాలస్‌లో ఉండే మా బావగారేమో నొప్పికి వేరేగా వస్తది, బిల్లుకి మూడింతలు అడుగు అంటున్నరు. ఈ మాట వినంగనే మా అత్తమ్మ "నొప్పిని కూడా అమ్ముకుంటవా" అన్నది. ఆ మాట నాకు గుచ్చుకున్నది. రాత్రి కాలు గుంజుతది, నిద్ర ఉండదు, ఈసారి బోనం కూడా ఎత్తలేదు. నిజంగ నొప్పికి పైసలు ఇస్తరా? అడగడం తప్పా?

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్నకే చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ కాగితాల సంగతి, ఏ లాయర్ని అడిగినా చెప్తారు, మీకు నిద్ర లేకుండా చేస్తున్నది మాత్రం ఇదే. తప్పు కాదు. ఒక్క శాతం కూడా తప్పు కాదు. మీరు నొప్పిని అమ్మడం లేదు, వేరేవాళ్ళు వాళ్ళ తప్పుతో మీ ఒంట్లోకి తెచ్చిపెట్టిన నొప్పికి లెక్క చెప్పమని అడుగుతున్నారు. చట్టం కూడా నొప్పిని ఊరికే చిన్న విషయంగా చూడదు. భారతీయ న్యాయ సంహితలో, అంటే ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేరాల చట్టంలో, తీవ్ర గాయం అంటే ఏంటో చెప్పే సెక్షన్ 116 ఉంది, అందులో ఎముక విరగడంతో పాటు, 15 రోజుల పాటు మనిషిని తీవ్రమైన శారీరక నొప్పిలో ఉంచినా అది తీవ్ర గాయమే అని రాసి ఉంది. పాత ఐపీసీలో అది 20 రోజులు ఉండేది. అంటే ఎముక విరక్కపోయినా నొప్పి ఒక్కటే చాలు. మీకు నాలుగు నెలలు దాటింది.

నేను యాక్సిడెంట్ కేసులే చూసే లాయర్‌ని, కానీ ఈ పనిలోకి రాకముందు సంగతి ఒకటి చెప్పాలి. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా అమ్మని ఒక ప్రైవేట్ బస్సు గుద్దింది, తుంటి దగ్గర విరిగింది, ఏడు నెలలు మంచం. కేసు వేశాం, ఆమెని బోనులోకి పిలిచారు, జడ్జి గారు పాపం మంచిగానే అడిగారు, ఇప్పుడు ఎట్లుందమ్మా అని. మా అమ్మ రెండు చేతులు జోడించి "మంచిగనే ఉన్న సార్" అన్నది. ఎవరైనా పెద్దమనిషి బాగున్నావా అంటే మనవాళ్ళు ఇంకేం అంటారు, జ్వరంలో ఉన్నా మంచిగనే ఉన్న అంటారు కదా. అది మర్యాదకి అన్న మాట. కానీ అది అట్లాగే రికార్డులోకి ఎక్కింది. నొప్పి, బాధ కింద ఆమెకి వచ్చింది 5 వేలు. ఆ రోజు పొద్దున కోర్టుకి రావడానికి చీర కట్టుకునేటప్పుడు నొప్పికి ఏడ్చిన మనిషి ఆమె, నేనే కుచ్చిళ్ళు పెట్టాను. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు, మా లాయర్ గారు అడగలేదు, మేం చెప్పలేదు. అప్పట్నుంచి నాకు అర్థమైంది ఇంతే, కోర్టుకి మన ఒళ్ళు కనపడదు, కాగితం మీద ఉన్నది, బోనులో చెప్పింది మాత్రమే కనపడుతుంది. మీకు నేను ఇవ్వగలిగిన సలహా అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఆ లక్షన్నర సంగతి తేల్చేద్దాం. సంతకం పెట్టకండి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 164 అని ఉంది, తప్పు ఎవరిదో రుజువు చెయ్యకపోయినా సరే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు ఇవ్వాలి అని. అంటే అసలు ఎవరి తప్పు అన్న ప్రశ్నే అడక్కుండా చట్టం ఇచ్చేదానికన్నా లక్ష తక్కువకి వాళ్ళు మీ నోరు మూయాలనుకుంటున్నారు. అలాగని ఆ రెండున్నర తీసుకోమని కూడా నేను చెప్పను, దాన్ని ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టులో, వేసిన పూర్తి పిటిషన్ రద్దయిపోతుంది. మీ కేసు సెక్షన్ 166 కింద వెయ్యాల్సిన కేసు, అక్కడ తప్పు అవతలివాడిది అని చూపించాలి, రాంగ్ సైడ్‌లో వచ్చాడు, ఎఫ్ఐఆర్ ఉంది, పోలీసులు చార్జిషీట్ వేస్తారు. ఇక్కడ క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అని తేలితే చాలు.

ముగ్గురు ఎక్కడం తప్పే, చలానా పడుతుంది, పిల్లాణ్ణి పెట్టుకొని అట్లా తిరక్కండి అని అక్కగా కూడా చెప్తాను. కానీ ముగ్గురు ఎక్కినంత మాత్రాన నష్టపరిహారం కొయ్యడానికి లేదని, ఆ ముగ్గురు ఎక్కడం వల్లే యాక్సిడెంట్ అయిందనో, దెబ్బ పెద్దదయిందనో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీరు ఇద్దరే ఉన్నా ఆ కారు రాంగ్ సైడ్‌లోనే వచ్చేది కదా. ఇక డ్రైవర్‌కి లైసెన్స్ లేకపోవడం మీ తలనొప్పి కాదు, కారాయన తలనొప్పి. చాలా కేసుల్లో కోర్టులు ఏం చేస్తాయంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీని మీకు కట్టమంటాయి, తర్వాత ఆ కంపెనీ ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. అందుకే కదా ఆయన మనుషులు మీ ఇంటి చుట్టూ తిరుగుతున్నది, మీ మీద జాలితో కాదు. మూడు రోజులు ఆలస్యంగా కంప్లైంట్ ఇచ్చారన్నది కూడా అడ్డు కాదు, ఇంట్లో మనిషి ఆపరేషన్ టేబుల్ మీద ఉంటే ఎవరూ స్టేషన్‌కి పరిగెత్తరు, ఎఫ్ఐఆర్ ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టెయ్యకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యం ఎందుకయిందో పిటిషన్‌లో రాయించండి, అంతే.

ఇప్పుడు మీ బావగారి మూడింతల లెక్క. ఆయన మంచి మనసుతోనే చెప్పారు, కానీ అది అమెరికా లెక్క. అక్కడ ఇన్సూరెన్స్ వాళ్ళు, లాయర్లు బేరం మొదలుపెట్టేటప్పుడు హాస్పిటల్ బిల్లుని ఒకటిన్నర నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకెతో హెచ్చిస్తారు, లేదంటే నొప్పి ఉన్న ఒక్కో రోజుకి ఇంత అని కడతారు, అది అక్కడ కూడా చట్టం కాదు, వాడుక. మన దగ్గర కూడా మల్టిప్లయర్ అనే మాట వినపడుతుంది, దాంతోనే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు. మన మల్టిప్లయర్ నొప్పికి కాదు, సంపాదనకి. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసుని బట్టి ఖాయం చేసింది, 36 నుంచి 40 మధ్య ఉన్నవాళ్ళకి 15. మీకు 15 అన్నమాట.

నొప్పికి మన దగ్గర ఫార్ములా లేదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు గాయం కేసుల్లో ఏయే పద్దుల కింద ఇవ్వాలో వరసగా చెప్పింది, ఇప్పటికీ ప్రతి ట్రిబ్యునల్ దాన్నే ముందు పెట్టుకుంటుంది. వైద్యం, మందులు, తిరిగిన ఖర్చు, పుష్టికరమైన తిండి, కోలుకునే రోజుల్లో పోయిన సంపాదన, ముందు ముందు తగ్గే సంపాదన, ఇక ముందు అయ్యే వైద్యం ఇవన్నీ ఒకవైపు. ఇంకోవైపు నొప్పి, బాధ, మనసుకి తగిలిన దెబ్బ, తర్వాత జీవితంలో మామూలుగా చేసుకునే పనులు, సుఖాలు పోవడం, ఆయుష్షు తగ్గడం. మామూలు గాయాల్లో వైద్యం, పోయిన సంపాదన, నొప్పి ఈ మూడే ఇస్తారని, మిగతావి కావాలంటే గట్టి వైద్య సాక్ష్యం ఉండాలని కూడా అదే తీర్పులో ఉంది. అంటే చూడండి, చిన్న కేసులో కూడా నొప్పి పద్దు ఉంటుంది. మీ అత్తమ్మకి ఈ మాట చెప్పండి, ఇది మీరు కనిపెట్టిన కొత్త కోరిక కాదు.

ఎంత వస్తుంది అంటే, ఇక్కడే చాలామంది పేపర్లో హెడ్డింగ్ చూసి ఆశ పెట్టుకుంటారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక మనిషికి నొప్పి, బాధ కిందే 15 లక్షలు ఇచ్చింది, మొత్తం పరిహారం హైకోర్టు ఇచ్చిన 78 లక్షల చిల్లర నుంచి కోటీ 2 లక్షలు దాటింది. ఆయనకి 2008లో యాక్సిడెంట్ అయింది, పక్షవాతం వచ్చి ఇంక లేవలేని స్థితి. 2020లో ఒక అమ్మాయికి, యాక్సిడెంట్ అప్పుడు 12 ఏళ్ళు, నొప్పికి, పోయిన జీవితానికి కలిపి 15 లక్షలు ఇచ్చారు, ఆ పిల్ల మెదడు దెబ్బతిని పసిపాపలా మిగిలిపోయింది. మీ దెబ్బ దేవుడి దయ వల్ల అంతటిది కాదు, కాబట్టి ఆ అంకెలు మీకు రావు, వస్తాయని ఏ లాయరైనా చెప్తే ఆయన ఆఫీసు మెట్లు దిగి వచ్చెయ్యండి. కానీ ఒకే రకం ఫ్రాక్చర్‌కి ఒక ఫైల్లో ఇంత, ఇంకో ఫైల్లో దానికి మూడు నాలుగు రెట్లు రావడం నేను చూస్తూనే ఉంటాను. తేడా ఎముకలో లేదు, ఫైల్లో ఉంది.

ఎట్లా అంటే, చాలా పిటిషన్లలో నొప్పి గురించి ఒకే ఒక్క లైన్ ఉంటుంది, పిటిషనర్ తీవ్రమైన నొప్పి, వేదన అనుభవించెను అని. కంప్యూటర్లో ముందే టైప్ చేసి ఉంటుంది, పేర్లు మార్చి ప్రింట్ కొడతారు. జడ్జి గారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ లైన్ చదువుతూనే ఉంటారు, ఇంక ఆయనకి మీ నొప్పి వేరే అని ఎట్లా తెలుస్తుంది. అందుకని మీ నొప్పి మీరే రాయాలి. పిల్లాడి లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి, తారీఖు వేసి మీ మాటల్లోనే రాయండి. ఏ రాత్రి ఎన్నింటికి లేచారు, ఏ గోళీ వేసుకున్నారు, కాలు కింద పెడితే ఎట్లా ఉంది, ఫిజియో దగ్గర మోకాలు వంచినప్పుడు ఏమయింది. ఆ మొదటి 11 రోజులు కూడా గుర్తున్నంత వరకు రాయండి, కానీ ఇది తర్వాత గుర్తు తెచ్చుకొని రాస్తున్నాను అని పైన రాయండి, ఆ రోజే రాసినట్టు నటించొద్దు. గోళీల చిట్టీలు, ఫిజియో రసీదులు, మీ అక్కకో చెల్లెకో రాత్రి రెండింటికి నిద్ర పట్టట్లే అని పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఇవన్నీ ఆ నోట్‌బుక్‌కి సాక్ష్యం, ఫోన్ మార్చినా చాట్ పోకుండా చూసుకోండి. కుట్లు ఉన్నప్పటి ఫోటోలు, వాకర్ పట్టుకొని నడిచిన వీడియోలు ఉంటే దాచండి. డాక్టర్ దగ్గరికి రివ్యూకి పోయినప్పుడు కూడా అదే అలవాటు, ఎట్లుంది అంటే మంచిగనే ఉంది సార్ అనకండి. రాత్రి గుంజుతోంది, మెట్లు ఎక్కలేకపోతున్నా, కూర్చుంటే లేవలేకపోతున్నా అని ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన ఓపీ చిట్టీ మీద రాస్తారు, ఆ చిట్టీ రేపు కోర్టులో మీ నోరు అవుతుంది.

మీరు రాయనిది ఒకటి నేనే అడుగుతున్నాను. రోడ్డు మీద హారన్ వింటే ఒళ్ళు జలదరిస్తోందా, స్కూటీ ఎక్కాలంటే భయమా, పిల్లాడు స్కూల్ నుంచి అయిదు నిమిషాలు లేటైతే గుండె దడా? నిద్ర లేకపోవడం ఒక్క కాలు వల్లేనా, లేక కళ్ళు మూస్తే ఆ కారు కనపడుతోందా? అది కూడా దెబ్బే, ట్రామా అంటే మనసుకి తగిలిన దెబ్బ, అది నొప్పి, బాధ పద్దులోనే ఉంది. సిగ్గుపడకుండా ఎర్రగడ్డలో మానసిక వైద్యశాలకో, నిమ్స్‌కో వెళ్ళండి, వెళ్ళలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. ఇది కేసు కోసం మాత్రమే చెప్పట్లేదు, ముందు మీరు నిద్రపోవాలి.

బోనం సంగతి మీరు ఒక ముక్కలో రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో అదే ముఖ్యమైన సాక్ష్యం అనిపించింది. ఏటా ఆషాఢంలో తల మీద బోనం పెట్టుకొని అంబర్‌పేట్ మహంకాళమ్మ దగ్గరికి నడిచిపోయిన మనిషి ఈసారి పోలేకపోయింది, దీన్నే చట్టం జీవితంలోని సుఖాలు పోవడం అంటుంది. కింద కూర్చొని కూరగాయలు తరగలేకపోవడం, బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొట్టలేకపోవడం, పిల్లాణ్ణి ఎత్తుకోలేకపోవడం, మామూలు బాత్రూంలో కూర్చోలేక ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనుక్కోవడం, ఇవన్నీ అక్కడికే వస్తాయి. పోయినేడు బోనం ఎత్తిన ఫోటో ఉంటుంది కదా ఫోన్లో, ప్రింట్ తీయించండి. లాయర్ గారికి చెప్పి చీఫ్ అఫిడవిట్‌లో, అంటే మీ సాక్ష్యంగా కోర్టుకి రాసిచ్చే కాగితంలో, ఇది మీ మాటల్లోనే పెట్టించండి, సంతకం పెట్టే ముందు ఎవరితోనైనా తెలుగులో చదివించుకోండి, ఎందుకంటే అది మీరు ప్రమాణం చేసి చెప్పినట్టు లెక్క.

ఇక సంపాదన లెక్క, నొప్పి కాదు కానీ అసలు పెద్ద మొత్తం ఇక్కడే ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. కర్రీ పాయింట్‌కి పుస్తకాలు లేవు, ఐటీ లేదు అని భయపడకండి. క్యూఆర్ కోడ్ పెట్టారు కదా, యాక్సిడెంట్‌కి ముందు ఏడాది ఫోన్‌పే, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, గ్యాస్ సిలిండర్ బిల్లులు, కిరాయి చిట్టీ, ట్రేడ్ లైసెన్స్ ఉంటే అది, మీ బదులు ఇప్పుడు వంటకి పెట్టుకున్న మనిషికి ఇస్తున్న జీతం. ఖాతా మీ ఆయన పేరు మీద ఉన్నా వంట చేసేది మీరని ఆయనే సాక్ష్యం చెప్తారు. ఉదాహరణకి కోర్టు మీ వాటా నెలకి 15 వేలు అని ఒప్పుకుందనుకోండి. సొంత పని చేసుకునే వాళ్ళకి, 40 లోపు వయసుంటే, ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు, అది గాయం కేసులకి కూడా వర్తిస్తుందని 2020లో చెప్పారు. అంటే 21 వేలు, ఏడాదికి 2 లక్షల 52 వేలు, దాన్ని 15తో హెచ్చిస్తే 37 లక్షల 80 వేలు. మీ పని చేసే శక్తి 20 శాతం తగ్గిందని తేలితే 7 లక్షల 56 వేలు, 10 శాతం అంటే 3 లక్షల 78 వేలు. ఇది ఒక్క పద్దు మాత్రమే, ఆ 4 లక్షల 60 వేల బిల్లు, నొప్పి అన్నీ దీనికి వేరే. ఇప్పుడు ఆ లక్షన్నర కాగితం వైపు ఇంకోసారి చూడండి.

ఒక జాగ్రత్త. సర్టిఫికెట్‌లో కాలికి 40 శాతం వైకల్యం అని ఉంటే కోర్టు 40 తీసుకోదు, మొత్తం ఒంటికి ఎంత, అందులోనూ మీ పనికి ఎంత అడ్డం అని చూస్తుంది. కుర్చీలో కూర్చొని కంప్యూటర్ కొట్టేవాళ్ళకి తొడ ఎముక దెబ్బ వేరు, రోజుకి ఎనిమిది గంటలు పొయ్యి ముందు నిలబడే మనిషికి వేరు. కాబట్టి నిలబడి చేసే పని అని, ఎంతసేపు నిలబడతారో, ఎంత బరువు గిన్నె దించుతారో వివరంగా చెప్పాలి. ఎముక పూర్తిగా అతికాక మెడికల్ బోర్డు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవచ్చు, పిటిషన్ వేసేనాటికి అది లేకపోయినా పర్లేదు, సాక్ష్యం టైముకి ఉంటే చాలు. దాంతో పాటు మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు కోర్టుకొచ్చి చెప్పడం చాలా ముఖ్యం, ఇప్పుడే మర్యాదగా అడిగి పెట్టుకోండి. రాడ్, ప్లేటు తియ్యాల్సి ఉంటే దానికి ఎంతవుతుందో ఆయన దగ్గర లెటర్ హెడ్ మీద రాయించుకోండి. ఒకసారి తీర్పు వచ్చాక రెండేళ్ళకి మళ్ళీ ఆపరేషన్ అయింది ఇంకొంచెం ఇవ్వండి అని అడగడానికి మన చట్టంలో దారి లేదు. ఇందుకే లోక్ అదాలత్‌కి కూడా తొందరపడి పోవద్దంటాను, అది మంచిదే, త్వరగా డబ్బు వస్తుంది, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీల్ ఉండదు, కాబట్టి మీ కాలు ఎంతవరకు బాగవుతుందో తేలాకే పోవాలి.

హాస్పిటల్ కాగితాల్లో ఒకటి మాత్రం ఈ వారంలోనే చూడండి. అడ్మిషన్ షీట్ మీద, ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో, అంటే పోలీసు కేసయ్యే దెబ్బలు రాసుకునే పుస్తకంలో, యాక్సిడెంట్ ఎట్లా అయిందని రాశారో. చాలాసార్లు కంగారులో బండి స్కిడ్ అయింది అని ఇంట్లోవాళ్ళు చెప్పేస్తారు, వాళ్ళు అదే రాసేస్తారు, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళ లాయర్ ఆ ఒక్క ముక్క పట్టుకొని క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, గంట నిలబెడతారు. అట్లా రాసి ఉంటే దాచకుండా మీ లాయర్‌కి ముందే చెప్పండి. వూండ్ సర్టిఫికెట్ (ఏ దెబ్బలు తగిలాయో డాక్టర్ రాసిచ్చేది), డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, ఎఫ్ఐఆర్, చార్జిషీట్, వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్, కారు ఇన్సూరెన్స్ కాపీ, ఆటో ఖర్చుకి కూడా ఏదో ఒక లెక్క, అన్నీ ఒక కవర్లో. దొంగ బిల్లు ఒక్కటి కూడా పెట్టొద్దు, ఎవరు చెప్పినా సరే, ఒక్కటి దొరికితే నిజమైన నొప్పిని కూడా నమ్మరు.

గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి యాక్సిడెంట్ అయిన ఆరు నెలల లోపు పిటిషన్ వెయ్యాలని చట్టం మారింది. ఆ రూల్ మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కానీ మీరు దాని మీద ఆధారపడాల్సిన పని లేదు, మీకు అక్టోబర్ రెండో వారం వరకు టైముంది, బతుకమ్మ అయ్యాక చూద్దాం అనుకోకండి. మీరు ఉండేది హైదరాబాద్ జిల్లా కాబట్టి యాక్సిడెంట్ ఉప్పల్ వైపు అయినా ఇక్కడే వెయ్యొచ్చు, పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు. లాయర్ ఫీజుకి డబ్బుల్లేకపోతే అక్కడే లీగల్ సర్వీసెస్ వాళ్ళ ఆఫీసు ఉంటుంది, ఆడవాళ్ళకి సంపాదనతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని కాగితం రాయించుకునే వాళ్ళకి, హాస్పిటల్ గేటు దగ్గర కార్డులు పంచే ఏజెంట్లకి దూరంగా ఉండండి, గెలిస్తే వాటా అని ఫీజు మాట్లాడుకోవడం లాయర్లకి నిషేధం. ఎంత అడగాలో తెలియక తక్కువ రాసేశాం అని కూడా కుంగిపోకండి, న్యాయమైన మొత్తం మీరు అడిగినదానికన్నా ఎక్కువైతే ఎక్కువే ఇవ్వొచ్చని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

బోనులో నిలబడ్డప్పుడు అవతలి లాయర్ తప్పకుండా అడిగేది ఒకటుంది, ఇప్పుడు మీరు నడుచుకుంటూనే వచ్చారు కదా అని. అవునండీ నడిచే వచ్చాను, ఆటో దిగి ఇక్కడిదాకా రావడానికి రెండుసార్లు ఆగాను, మెట్ల దగ్గర మా ఆయన పట్టుకున్నాడు, ఈ రాత్రికి గోళీ వేసుకోకపోతే నిద్ర పట్టదు, ఇట్లా ఉన్నది చెప్పండి. ఆ రోజు నిజంగా ఆగలేదా, ఆగలేదనే చెప్పండి. కుంటని చోట కుంటొద్దు, నొప్పి ఉన్న చోట మంచిగనే ఉన్న అనొద్దు.

సాక్షులుగా మీరు, డాక్టర్ గారు, మీ ఆయన సరిపోతారని లాయర్ అంటారు. నేనైతే ఇంకొకరిని అడుగుతాను. ఆ రెండు మూడు నెలలు మిమ్మల్ని బాత్రూంకి తీసుకుపోయింది ఎవరు, తల దువ్వింది ఎవరు, రాత్రి మీరు మూలిగితే లేచి నీళ్ళిచ్చింది ఎవరు? మీ ఉత్తరంలో ఇంకే ఆడమనిషి పేరూ లేదు, బహుశా మీ అత్తమ్మే అయ్యుంటుంది. ఇంట్లో మనిషి చేసిన చాకిరీకి కూడా అటెండెంట్ ఖర్చు కింద కోర్టు విలువ కడుతుంది, జీతం తీసుకోలేదు కదా అని వదిలెయ్యదు. ఆమె మాటకి కోపం తెచ్చుకోకుండా ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకొని అడగండి, అత్తమ్మా ఆ రాత్రుళ్ళు నేనెట్లుంటినో నువ్వే చూసినవ్ కదా, జడ్జి సార్‌కి నువ్వు చెప్తవా అని. చెప్పడానికి ఒప్పుకుంటే నోట్‌బుక్‌లో ఆమె చెప్పింది కూడా రాసుకోండి, మీకు మత్తులో గుర్తులేని రాత్రుళ్ళు ఆమెకి గుర్తుంటాయి.